లారీ దారికి డబ్బు పెట్టేదెవరు? మిర్యాలగూడ బియ్యం లోడు చెప్పే లెక్క

సంక్రాంతి వచ్చిందంటే పంతంగి టోల్‌ప్లాజా దగ్గర కార్ల బారు ఫొటో పత్రికల మొదటి పేజీకి ఎక్కుతుంది. అదే రోడ్డును ఏడాది పొడవునా నమ్ముకుని బతికే లారీ ఆ ఫొటోలో ఉండదు. ఉన్నా ఏ పక్కనో పట్టా కప్పుకుని, పండుగ రద్దీ తగ్గేదాకా ఆగి ఉంటుంది.

రోడ్డు వెడల్పు చేయాలన్నప్పుడు మాత్రం అందరికీ ముందు గుర్తొచ్చేది లారీయే. హైదరాబాద్–విజయవాడ రహదారిని ఆరు వరుసలు చేసే ప్రతిపాదన కావచ్చు, ఉత్తర దక్షిణ భాగాలు చౌటుప్పల్ దగ్గర కలిసే ప్రాంతీయ వలయ రహదారి కావచ్చు, "సరుకు రవాణా సాఫీ అవుతుంది" అన్న వాక్యం తప్పకుండా ఉంటుంది. దాని పక్కనే వేల కోట్ల అంకె. ఆ అంకె మొత్తం ప్రభుత్వం సంచి విప్పి పోస్తున్న సొమ్ములా కనిపిస్తుంది. అందులో ఖజానా డబ్బు ఎంత, అప్పు ఎంత, రేపు టోల్ రూపంలో లారీ నుంచే రాబట్టేది ఎంత, సరుకు త్వరగా చేరడానికి నిజంగా పనికొచ్చేది ఎంత అన్నవి దేనికదే వేరు ప్రశ్నలు. వీటిని కలిపేసి మాట్లాడటం వల్లే గందరగోళం.

ఒకే లోడు, నలుగురి రోడ్లు

మిర్యాలగూడ శివారులో ఏదైనా రైసుమిల్లు గేటు దగ్గర కాసేపు నిలబడితే చాలు, కథ మొదలవుతుంది. ధర్మకాంటా మీద లారీని ఖాళీగా ఒకసారి తూచి లోపలికి పంపుతారు. హమాలీలు 26 కిలోల బస్తాలు ఎత్తుతారు. ఆ 26 ఎందుకంటే, 25 కిలోల వరకు ఉండే ప్యాకెట్ బియ్యానికి 2022 జూలై నుంచి 5 శాతం జీఎస్టీ ఉంది. కిలో పెంచితే పన్ను లేదు. పన్నెండు టైర్ల లారీకి సుమారు 25 టన్నులు, అంటే 960 బస్తాలు పడతాయి. మళ్లీ కాంటా, పట్టా, తాళ్లు, బిల్టీ అనే సరుకు రసీదు. ఇక బయల్దేరడమే.

మొదట ఎక్కేది నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు. ఇది జాతీయ రహదారి కాదు, రాష్ట్ర రహదారి. ప్రైవేటు సంస్థ పెట్టుబడితో వేసి, మాడ్గులపల్లి దగ్గర టోల్ పెట్టారు. నార్కట్‌పల్లిలో 65వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే పంతంగి టోల్. ఈ రోడ్డు మీద 2012 డిసెంబరు నుంచి ప్రైవేటు సంస్థ టోల్ వసూలు చేసింది. గడువుకు ముందే ఒప్పందం ముగిసి, 2024 జూలై నుంచి జాతీయ రహదారుల ప్రాధికార సంస్థ ఎన్‌హెచ్‌ఏఐ చేతికి వచ్చింది. పెద్దఅంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే అది మరొకరిది: ప్రజాధనంతో కట్టిన ఆ రోడ్డును 2023లో 7,380 కోట్ల రూపాయలకు 30 ఏళ్ల లీజుకు ఇచ్చారు.

లోడు బెంగళూరుదైతే కథ ఇంకా సాగుతుంది. శంషాబాద్ దగ్గర 44వ నంబరు రహదారి పట్టి రాయికల్, శాఖాపూర్, పుల్లూరు టోల్‌ప్లాజాలు దాటాలి. కొత్తకోట బైపాస్ నుంచి కర్నూలు దాకా ఉన్న ముక్కను 2021లో ఎన్‌హెచ్‌ఏఐ నెలకొల్పిన పెట్టుబడి ట్రస్టుకు అప్పగించారు. అందులో కెనడాకు చెందిన రెండు పింఛను నిధులు చెరో 25 శాతం యూనిట్లు కొన్నాయి. వాటిలో ఒకటి ఒంటారియో ఉపాధ్యాయులది. అంటే ఆలంపూర్ చౌరస్తాకు కూతవేటు దూరంలో మన బియ్యం లారీ కట్టే టోల్‌లో ఒక పిసరు, ఎక్కడో మంచుదేశంలో రిటైరైన టీచరమ్మ పింఛనులో కలుస్తుంది. ఇందులో తప్పేమీ లేదు. కానీ "ప్రభుత్వ రోడ్డు" అని మనం అనే మాటకు ఈరోజు ఎన్ని అర్థాలున్నాయో ఈ ఒక్క ట్రిప్పు చెబుతుంది.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది

రాజ్యాంగం ప్రకారం జాతీయ రహదారులు కేంద్ర జాబితాలోవి, మిగతా రోడ్లు రాష్ట్రాలవి. దేశంలో జాతీయ రహదారుల పొడవు సుమారు 1.46 లక్షల కిలోమీటర్లు. మొత్తం రోడ్లలో ఇది 2 శాతం చిల్లరే అయినా, రోడ్డు రవాణాలో దాదాపు 40 శాతం వీటి మీదే సాగుతుందని కేంద్రం చెప్పే లెక్క. అందుకే పెద్ద సొమ్మంతా ఇటే పోతుంది. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో రోడ్డు రవాణా, రహదారుల శాఖకు సుమారు 2.87 లక్షల కోట్లు కేటాయించారు. అందులో 1.70 లక్షల కోట్లు ఎన్‌హెచ్‌ఏఐకి.

ఈ కేటాయింపు వెనుక ఉన్న ఊటల్లో మొదటిది డీజిల్, పెట్రోల్ మీద వేసే రోడ్డు, మౌలిక వసతుల సెస్సు. సెస్సు అంటే ఒక ప్రత్యేక అవసరం పేరు చెప్పి వసూలు చేసే పన్ను. మామూలు పన్నుల్లా దీన్ని రాష్ట్రాలతో పంచుకోవలసిన పని లేదు. 2000 నాటి చట్టంతో కేంద్ర రోడ్డు నిధిగా స్థిరపడ్డ ఈ ఖాతాను 2018లో కేంద్ర రోడ్డు, మౌలిక వసతుల నిధిగా మార్చారు. అప్పటి నుంచి ఇందులోని డబ్బు రోడ్లకే కాక ఇతర వసతులకూ వెళ్తుంది.

మన లారీకి దీన్ని అన్వయిద్దాం. మిర్యాలగూడ నుంచి హైదరాబాద్‌కు 150 కిలోమీటర్లు, లీటరుకు 4 కిలోమీటర్ల మైలేజీ అనుకుంటే సుమారు 37.5 లీటర్ల డీజిల్. 2020 మే నుంచి 2021 నవంబరు వరకు లీటరు డీజిల్‌పై ఈ సెస్సు 18 రూపాయలు, అంటే ట్రిప్పుకు 675. 2022 మేలో తగ్గించాక 2 రూపాయలు, అంటే ట్రిప్పుకు 75. రెండేళ్లలో రోడ్ల అవసరం తొమ్మిదో వంతుకు పడిపోలేదు కదా. సెస్సు రోడ్ల పేరుతోనే ఉన్నా, అది పెరిగేదీ తగ్గేదీ పంపు దగ్గర ఇంధనం ధర చూసి. లారీ యజమానులు "డీజిల్‌లోనే రోడ్డు డబ్బు కట్టేశాం, మళ్లీ టోల్ ఎందుకు" అన్నప్పుడు, "సెస్సు మీదే రోడ్లు నడవవు" అని ప్రభుత్వం అన్నప్పుడు, రెండింటిలోనూ కొంత నిజం ఉండటానికి కారణం ఇదే. 

రెండో ఊట టోల్. మూడోది అప్పు. ఎన్‌హెచ్‌ఏఐ ఏళ్ల తరబడి మార్కెట్‌లో అప్పులు చేసి రోడ్లు వేసింది. ఆ బాకీ 3 లక్షల కోట్లు దాటాక, 2022-23 నుంచి కొత్త అప్పులు దాదాపు ఆపించి, ఖర్చును బడ్జెట్ మీదికి మళ్లించారు. బడ్జెట్‌లో రహదారుల అంకె ఒక్కసారిగా ఉబ్బినట్టు కనిపించడానికి ఇదొక కారణం. కొంత భాగం కొత్త ఖర్చు కాదు, అప్పు పద్దులోంచి ఖజానా పద్దులోకి మారిన పాత ఖర్చు. పత్రికల్లో "రికార్డు కేటాయింపు" అని చదివినప్పుడు ఇది గుర్తుంచుకోవడం మంచిది.

వెయ్యి కోట్ల రోడ్డు, మూడు ఒప్పందాలు

ఒకే రోడ్డుకు మూడు రకాల ఒప్పందాలు ఉండవచ్చు. వెయ్యి కోట్లతో లెక్క వేసి చూద్దాం.

ఈపీసీ పద్ధతిలో కాంట్రాక్టరు రోడ్డు డిజైన్ చేసి కడతాడు, ప్రభుత్వం వెయ్యి కోట్లూ పని జరిగే కొద్దీ చెల్లిస్తుంది. రేపు ఆ రోడ్డు మీద లారీలు తిరిగినా తిరగకపోయినా కాంట్రాక్టరుకు సంబంధం లేదు.

బీఓటీ అంటే కట్టు, నడుపు, అప్పగించు. పెట్టుబడి ప్రైవేటు సంస్థది, టోల్ ఆదాయమూ దానిదే, గడువు తీరాక రోడ్డు ప్రభుత్వానికి వస్తుంది. గిట్టుబాటు కాదనుకున్న చోట ప్రభుత్వం 40 శాతం వరకు లోటు పూడ్చే సొమ్ము ఇవ్వవచ్చు. ఇందులో అసలు జూదం వాహనాల సంఖ్య మీద. హైదరాబాద్–విజయవాడ రోడ్డే దీనికి పాఠం. రాష్ట్ర విభజన తరువాత పరిస్థితులు మారి, ఇసుక తవ్వకాలపై ఆంక్షలతో బరువు వాహనాలు తగ్గి నష్టం వచ్చిందని టోల్ సంస్థ వాదించింది. వ్యవహారం వివాదాల దాకా వెళ్లింది. విభజన చట్టానికీ టిప్పర్ల సంఖ్యకూ ఒక ఒప్పందంలో ముడిపడుతుందని 2009లో ఎవరూ ఊహించి ఉండరు.

ఆ ఎదురుదెబ్బల తరువాత 2016 జనవరిలో వచ్చినది హ్యామ్, రెండింటి కలనేత. 40 శాతం ప్రభుత్వం నిర్మాణ సమయంలోనే ఇస్తుంది. మిగతా 60 శాతం సంస్థ అప్పు చేసి తెస్తుంది. దాన్ని ప్రభుత్వం 15 ఏళ్ల పాటు ఆరు నెలలకొక వాయిదాగా, వడ్డీతో తీరుస్తుంది. టోల్ ఎన్‌హెచ్‌ఏఐదే. సూర్యాపేట–ఖమ్మం నాలుగు వరుసల రోడ్డు ఈ పద్ధతిలోనే వచ్చింది.

వెయ్యి కోట్లలో 400 ముందే చెల్లించారు. మిగిలిన 600 కోట్లను 30 సమాన వాయిదాలుగా, ఏటికి 8 శాతం వడ్డీతో తీరుస్తున్నారనుకుందాం. అసలు వాయిదాకు 20 కోట్లు. మొదటి వాయిదాలో వడ్డీ 24 కోట్లు, ఆపైన తగ్గుతూ పోతుంది. మొత్తం వడ్డీ 372 కోట్లు. నిర్వహణ ఖర్చు కలపకుండానే వెయ్యి కోట్ల రోడ్డుకు 1,372 కోట్లు. నిజమైన ఒప్పందాల్లో వాయిదాల తీరు, వడ్డీ రేటు వేరుగా ఉంటాయి, కానీ బొమ్మ ఇదే. ఇది మోసమేమీ కాదు, ఇంటి అప్పు లాంటిదే. రోడ్డు ముందు వస్తుంది, భారం తరువాతి బడ్జెట్ల మీద పడుతుంది. శంకుస్థాపన శిలాఫలకం మీద మాత్రం వెయ్యి అనే ఉంటుంది.

టోల్ న్యాయమా: ఇరుసు చెప్పే లెక్క వేరు

జాతీయ రహదారుల టోల్‌కు 2008 నియమాలు ఆధారం. నాలుగు వరుసల రోడ్డుపై 2007-08 ధరల్లో కిలోమీటరుకు మూల రేటు కారుకు 65 పైసలు, రెండిరుసుల లారీకి 2.20 రూపాయలు, నాలుగు నుంచి ఆరు ఇరుసుల వాహనానికి 3.45. దీని మీద ఏటా 3 శాతం, అదనంగా టోకు ధరల సూచీ పెరుగుదలలో 40 శాతం కలుపుతారు. సూచీ 5 శాతం పెరిగిన ఏడాదిలో టోల్ కూడా సుమారు 5 శాతం పెరుగుతుందన్నమాట. సూచీ అసలు పెరగకపోయినా 3 శాతం ఖాయం.

కారు కంటే మన పన్నెండు టైర్ల లారీ 5.3 రెట్లు కడుతుంది. ఇది ఎక్కువా తక్కువా? 1958–60లో అమెరికాలోని ఇల్లినాయ్‌లో జరిగిన రోడ్డు పరీక్షల నుంచి ఇంజనీర్లు ఒక సూత్రం తీశారు: ఇరుసు మీద బరువు పెరిగితే రోడ్డుకు జరిగే అరుగుదల సుమారుగా దాని నాలుగో ఘాతంతో పెరుగుతుంది. కారు ఇరుసు మీద 0.6 టన్ను, లారీ ఇరుసు మీద 10.2 టన్నులు అనుకుంటే బరువు 17 రెట్లు, అరుగుదల 83 వేల రెట్లు. ఆ లెక్కన లారీ కట్టే టోల్ ఏ మూలకూ చాలదు.

2018 జూలైలో కేంద్రం నాలుగు టైర్ల ఇరుసుకు అనుమతించే బరువును 10.2 నుంచి 11.5 టన్నులకు పెంచింది. సరుకు రవాణా చౌక అవుతుందని. బరువు పెరిగింది దాదాపు 13 శాతం. అదే సూత్రం ప్రకారం అరుగుదల 62 శాతం పెరుగుతుంది. 11.5 టన్నుల ఇరుసు మీద 14 టన్నులు ఎక్కిస్తే అరుగుదల 2.2 రెట్లు. ఇసుక టిప్పర్లు తిరిగే ఊరి రోడ్డు రెండు వానాకాలాలకే ఎందుకు గుల్లవుతుందో వేరే చెప్పనక్కరలేదు. సరుకు రవాణాకు ప్రభుత్వం ఇచ్చే సాయంలో బడ్జెట్‌లో కనిపించని పెద్ద వాటా ఇదేనని నాకనిపిస్తుంది: లారీకి మిగిలిన కిరాయి, రోడ్డు మరమ్మతు పద్దులో తేలుతుంది.

లారీ యజమాని వైపు నుంచి చూస్తే లెక్క మరోలా ఉంటుంది. మూల రేటు ప్రకారం 60 కిలోమీటర్లకు 207 రూపాయల టోల్‌ను 25 టన్నులకు పంచితే కిలో బియ్యానికి పైసా కూడా పడదు. ఇప్పటి రేట్లకు దాన్ని రెట్టింపు చేసినా బియ్యం ధర కదలదు. మరి గొడవెందుకు? ఆ పైసా బియ్యం కొనేవారి జేబులోంచి రాదు కనుక. లారీలు ఎక్కువ, లోడ్లు తక్కువ ఉన్న రోజుల్లో కిరాయి పెరగదు. పెరిగిన టోల్ యజమాని మిగులులోంచి పోతుంది. రిటర్న్ లోడు దొరకక ఖాళీగా వస్తే ఆ టోల్ పూర్తిగా చేతి చమురే. పైగా 2025 ఆగస్టులో వచ్చిన మూడు వేల రూపాయల ఫాస్టాగ్ వార్షిక పాసు సొంత కార్లకే, లారీకి కాదు.

ఆదా అయిన నలభై ఐదు నిమిషాలు ఏమవుతాయి

"సరుకు రవాణా మెరుగు" అని నేరుగా పేరు పెట్టిన పథకాలూ ఉన్నాయి. 2017 అక్టోబరులో ఆమోదం పొందిన భారత్‌మాల మొదటి దశ 34,800 కిలోమీటర్లకు 5.35 లక్షల కోట్ల అంచనాతో మొదలైంది. ఊళ్లను కలిపే రోడ్ల కంటే సరుకు ప్రవహించే కారిడార్లకు పెద్దపీట వేయడం దాని ప్రత్యేకత. దేశవ్యాప్తంగా 35 చోట్ల బహుళ రవాణా సరుకు పార్కులు కట్టాలన్న జాబితాలో హైదరాబాద్ పేరుంది. 2021 అక్టోబరులో గతిశక్తి ప్రణాళిక, 2022 సెప్టెంబరులో జాతీయ లాజిస్టిక్స్ విధానం వచ్చాయి.

వీటన్నిటికీ ప్రాతిపదికగా చెప్పిన మాట ఒకటే: మన దేశంలో సరుకు తరలింపు ఖర్చు జీడీపీలో 13, 14 శాతం, బయటి దేశాల్లో ఇంత లేదు అని. తరువాత కేంద్రం కోసం ఆర్థిక పరిశోధన సంస్థ ఎన్‌సీఏఈఆర్ పద్ధతిగా లెక్కకడితే 2023-24కు అది 7.97 శాతమని తేలింది. ఖర్చు సగానికి పడిపోయిందని దీని అర్థం కాదు. మొదటి అంకె అంచనా, రెండోది కొలత. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి "ఇంత తగ్గించాం" అని ఎవరైనా అంటే అది సరైన పోలిక కాదు.

ఇక మన లారీ దగ్గరికి వద్దాం. ఉదాహరణకు ఈ గంటలు అనుకోండి. మిల్లు దగ్గర వంతు కోసం నిలబడి లోడు ఎత్తుకోవడానికి 5 గంటలు. 150 కిలోమీటర్ల ప్రయాణం, సగటున గంటకు 40 చొప్పున 3 గంటల 45 నిమిషాలు. పగలు బరువు లారీలను నగరంలోకి రానివ్వరు కనుక శివారులో రాత్రి దాకా ఆగడం 6 గంటలు. దించడానికి 3 గంటలు. మొత్తం 17 గంటల 45 నిమిషాలు. రోడ్డు ఆరు వరుసలై సగటు వేగం 50కి పెరిగితే ప్రయాణం 3 గంటలకు తగ్గుతుంది. మిగిలిన 45 నిమిషాలు ఎటుపోయాయి? శివారులో ఆగే సమయం 6 గంటల నుంచి 6 గంటల 45 నిమిషాలు అయింది. మొత్తం మళ్లీ అదే.

లారీకి డబ్బు వచ్చేది వేగం వల్ల కాదు, నెలకు ఎన్ని ట్రిప్పులు పడ్డాయన్న దాని వల్ల. ఫైనాన్సు వాయిదా, బీమా, పన్నులు కలిపి నెలకు 90 వేలు స్థిరమైన ఖర్చు అనుకుంటే, 15 ట్రిప్పులకు ట్రిప్పుకు 6 వేలు, 18 ట్రిప్పులకు 5 వేలు. ఆ మూడు ట్రిప్పులు మిల్లు గేటు దగ్గరా నగరం అంచునా పోగొట్టుకున్న గంటల్లో దాక్కుని ఉన్నాయి. అక్కడ కావలసింది లారీలు ఆగే స్థలం, పెద్ద లోడును చిన్న వాహనాల్లోకి పగలే మార్చుకునే గోదాములు, డ్రైవరు కాళ్లు చాపుకునే చోటు. బాటసింగారం, మంగళ్‌పల్లిలో హైదరాబాద్ నగరాభివృద్ధి సంస్థ హెచ్ఎండీఏ, ప్రైవేటు భాగస్వామ్యంతో వచ్చిన లాజిస్టిక్ పార్కులు ఈ దిశలోవే. గడ్డిఅన్నారం నుంచి కదిలిన పండ్ల మార్కెట్ బాటసింగారం చేరడంతో నల్గొండ బత్తాయి లారీకి నగరం నడిబొడ్డుకు వెళ్లే బాధ తప్పింది. ఇలాంటి పనులకయ్యే ఖర్చు ఒక వంతెన ఖర్చు పక్కన చిన్నదే. అయితే ఇవి రోడ్ల శాఖవా, పురపాలక శాఖవా, మార్కెటింగ్ శాఖవా అన్న దగ్గరే ఫైలు నిద్రపోతుంది. 

ఎవరి కోణం వారిది

రోడ్డు పక్క ఊళ్లకు లారీ వేగం కంటే రోడ్డు దాటడం ముఖ్యం. విజయవాడ రహదారిపై 17 ప్రమాద స్థలాలను గుర్తించి వంతెనలు, అండర్‌పాస్‌లు, సర్వీసు రోడ్ల పనులు చేపట్టారు. దీన్ని భద్రత పద్దు కింద రాస్తారు గానీ, నా దృష్టిలో ఇది సరుకు రవాణా పనే: కూడలి దగ్గర బ్రేకు వేసి, ఆగి, 35 టన్నుల బండిని మళ్లీ మొదటి గేరులోంచి లాగడంలో కాలే డీజిల్ తక్కువేమీ కాదు.

భూమి పోయే రైతు ప్రశ్న ఇంకొకటి. వలయ రహదారి ఉత్తర భాగంలో భూసేకరణ ఖర్చులో సగం రాష్ట్రం పెట్టుకోవాలన్నది ఒప్పందం. పరిహారం రిజిస్ట్రేషన్ విలువల చుట్టూ తిరుగుతుంది. చౌటుప్పల్ చుట్టుపక్కల భూమి అసలు ధర వాటికి ఎంతో ఎత్తులో ఉంటుంది. లారీ ఆదా చేసే సమయానికి ధర కట్టేవారు ఆ తేడాను లెక్కలో రాయరని రైతుల బాధ. త్వరగా తేల్చకపోతే ఖర్చు ఏటేటా పెరుగుతుందని అధికారుల మాట. రెండూ కాదనలేనివే.

ఇంత డబ్బు రోడ్డు మీదే ఎందుకు, రైలు మీద పెట్టవచ్చు కదా అనేవారూ ఉన్నారు. నల్గొండ, మిర్యాలగూడ మీదుగా పోయే బీబీనగర్–గుంటూరు మార్గం డబ్లింగ్‌కు, మహబూబ్‌నగర్–డోన్ డబ్లింగ్‌కు 2023 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. హుజూర్‌నగర్, వాడపల్లి వైపు సిమెంటుకు, దూరప్రాంతాలకు పోయే బియ్యానికి ఇది మేలే. కానీ 150 కిలోమీటర్ల సరుకుకు రైలు కలిసిరాదు. మిల్లు నుంచి స్టేషనుకు ఒకసారి, స్టేషను నుంచి దుకాణానికి ఒకసారి ఎత్తి దించే హమాలీ ఖర్చే లాభాన్ని మింగేస్తుంది.

బెంగళూరు లోడుకు మరో దారి

మొదట చెప్పిన బెంగళూరు లోడుకు హైదరాబాద్ అంచులు తొక్కకుండా ఇంకో దారి ఉంది. మిర్యాలగూడ నుంచి 167వ నంబరు జాతీయ రహదారి మీద హాలియా, మల్లేపల్లి, కల్వకుర్తి మీదుగా నేరుగా జడ్చర్లలో 44 ఎక్కవచ్చు. కల్వకుర్తి నుంచి కొల్లాపూర్, సోమశిల మీదుగా నంద్యాల చేరే 167కె రోడ్డులో కృష్ణపై తీగల వంతెనకు 2022 అక్టోబరులో 1,082 కోట్ల అనుమతి వచ్చింది. పాలమూరు, నల్గొండల మధ్య సరుకు అడ్డంగా కదలడానికి ఉన్న రోడ్లు ఇవి. హైదరాబాద్ వైపు పోయే రోడ్ల మీద వరుసల గురించి జరిగినంత చర్చ వీటి గురించి జరగదు.

167 మీద ఊరూరా బజారు తగులుతుంది. వడ్ల సీజన్‌లో ట్రాక్టర్లు, కల్లాల నుంచి వచ్చే బండ్లు, రోడ్డు అంచున ఆరబోసిన ధాన్యం. ఔటర్ మీదుగా అయితే వెడల్పైన రోడ్డు, కానీ చుట్టు ఎక్కువ, టోల్‌లు ఎక్కువ. సాయంత్రం లోడైన లారీకి రాత్రి ఖాళీగా ఉండే 167 కలిసొస్తుంది. పొద్దున్నే లోడైతే డ్రైవరు నార్కట్‌పల్లి వైపు తిప్పుతాడు.